పిలకాయలకో పిలకాయ

పాప తూకం రెండున్నర.
చీటీ జేబులో మడిచిపెట్టుకుని
చీమకుర్తిలో రాయి పాలిషుకు పోతాడు మాల్యాద్రి.
మీసం సరిగా మొలవని మొఖానికి
రాతిదుమ్మే ముసలితనం పూసింది.

వెంగమ్మ పదో తరగతి లెక్కల పుస్తకం మీద
ఉచ్చగుడ్డ ఆరేసింది.
తిట్టబోయి నాలిక్కరుచుకున్నా.
నా మొదటి కానుపప్పుడు
తిట్టిపోసినోళ్లే గానీ
పాలెట్టా పట్టాలో చెప్పినోళ్లు యాడున్నారు?

నడిరేయి తలుపు బాదాడు:
‘సువార్తక్కా, ఏడుపాపటంలా!’
పోయి చూస్తే ముగ్గురూ ఏడుస్తున్నారు.
అంగన్‌వాడీ ఆయాను,
పాతికేళ్లుగా ఎత్తుకున్న చేతులు
వాటంతటవే సాగాయి. వెనక్కి లాక్కున్నా.
‘నేనెత్తుకోనబ్బీ,
చేతులు కడుక్కొనిరా,
నీ భుజానేసుకో.
మే వెంగీ, మెడకింద చెయ్యి పెట్టి అందించు.
బండ కాదురా అది, మెల్లిగా నిమురు.’

చిన్న తేన్పు.
ఇంతేనా అన్నట్టు వాడు నన్ను చూశాడు.
ఇంతే కాదబ్బయ్యా,
రేపు జొరమొస్తాది, ఎల్లుండి కూలి దొరకదు,
ఇంకోరోజు మీరిద్దరే పోట్లాడుకుంటారు...
అనలేదు. కుండలో నీళ్లు ముంచిచ్చా ఇద్దరికీ.

పొద్దున భుజమ్మీద పాలమరకతోనే
డ్యూటీకి బయల్దేరాడు.
గడపలోంచి వెంగమ్మ కేక:
‘బుధవారం సూదిమందు, సగంపూట సెలవడుగు!’

ఆ మాట
నేనింకా చెప్పనేలేదు.