కారణాలు తర్వాత

నిర్ణయం పదకొండు నిమిషాల్లో అయిపోయింది.
తలుపు బయట నేనే ఉన్నాను, గడియారం చూశాను.
ముగ్గురూ కోట్లు తొడుక్కుంటూ వచ్చి
లిఫ్టు దగ్గర చేపల సూపు గురించి మాట్లాడుకున్నారు.
అది సెప్టెంబరు. ట్రోమ్సోలో అప్పటికింకా
మధ్యాహ్నాలు ఉన్నాయి.

నవంబరులో టోర్డిస్ ఫోను చేసింది, వార్డో నుంచి.
"వచ్చిందా?"
"ఇంకా లేదమ్మా."
ఆమె వెనక కెటిల్ కూత పెడుతూనే ఉంది.
దించడానికి కూడా లేవలేదు.

నాకు తెలుసు.
చిత్తుప్రతులన్నీ టైపు చేసేది నేనే.
ఉద్యోగంలో చేరిన రోజు
తాళాల గుత్తి చేతికిచ్చి
నాలుక జమ చేసుకున్నారు.

ఎందుకింత ఆలస్యమంటే ఏం చెప్పను?
నలభై ఏడో పేరాలో ఒక వాక్యముంది:
పడవలో పంపు పాడైందని యజమానికి తెలుసు.
ఐలర్ట్ గారు "తెలుసు" కొట్టేసి
"తెలిసి ఉండాల్సింది" అని రాస్తారు.
గున్‌వోర్ గారు అది కొట్టేసి మళ్లీ "తెలుసు".
పెన్సిలు మీద రబ్బరు, రబ్బరు మీద పెన్సిలు,
కాగితం అక్కడ ఉల్లిపొరలా అయింది.
ఆ రెండు మాటల మధ్య
ఒక పడవ మునిగేంత నీళ్లు.

ఓడ్‌మున్ గారికి మోకాలి ఆపరేషన్.
మంచం మీద ఖాళీ దొరికి
పంతొమ్మిది పేజీల అసమ్మతి రాశారు.
దానికి వీళ్లిద్దరి జవాబు,
ఆ జవాబుకి ఆయన ఫుట్‌నోటు,
ఫుట్‌నోటుకి వీళ్ల ఫుట్‌నోటు.
ఒక పేరా కొత్తగా దూరితే
కింద ఎనభై పేరాల నంబర్లు నేను మార్చాలి.
మార్చాను. ఆరుసార్లు.

ఈలోగా సూర్యుడు వాయిదా వేసుకుని వెళ్లాడు.
చెప్పిన తేదీకి తిరిగొచ్చాడు కూడా.
మా ఆఫీసులో ఆ పని చేసినవాళ్లెవరూ లేరు కనుక
కిటికీ దగ్గర నిలబడి బన్నులు తిన్నాం.

ఏప్రిల్లో మూడు సంతకాలూ పడ్డాయి.
సీలు వేయబోతూ చూశాను:
మొదటి పేజీలో పోయినవాడి పేరు
యెన్స్-ఓలాయ్, మధ్యన అడ్డగీతతో.
అరవై ఒకటో పేజీలో గీత లేదు.
ముగ్గురు జడ్జీలు, ఇద్దరు లాయర్లు, నేను,
ఏడు నెలలుగా ఎవరం చూడలేదు.

ఈసారి ఫోను నేను చేశాను.
మొదటి రింగుకే ఎత్తింది.
"వచ్చిందా?"
"లేదమ్మా. ఒక్క మాట అడగాలి.
మీ ఆయన పేరులో గీత ఉందా, లేదా?"

చాలాసేపు గాలి చప్పుడు.
"వాళ్లమ్మ పెట్టేది. ఆయన పెట్టేవాడు కాదు.
పెళ్లి రిజిస్టరులో ఉంది.
పడవ మీద తనే పెయింట్ వేసుకున్న పేరులో లేదు."

"అయితే ఏది ఉంచమంటారు?"

కెటిల్ కూత మొదలైంది.
దించి వచ్చింది ఈసారి.
"ఇంక మార్చడానికి ఉండదు కదా?"
"ఉండదు."

"అయితే ఒక వారం గడువివ్వండి," అంది.
"ఆలోచించి చెబుతాను."