పిండి సంచి మీద వంతెన

సినిమా చూడకుండానే బొమ్మ గీసేవాణ్ణి.
కేటా దగ్గర ఉప్పునీటి కయ్య ఒడ్డుకి
జనరేటరూ టీవీ పెట్టే లారీలో వేసుకొచ్చే ఎట్సే
కథంతా నోటిమాటగా చెప్పేవాడు:
"ఒకడు ఎగురుతాడు. ఒకడికి కళ్ళల్లో నిప్పు.
మిగతాది నీ ఇష్టం."

రెండు పిండి సంచులు విప్పి, కలిపి కుట్టి
చీకటి పడేలోగా ఆకాశం నింపాలి.
ఖాళీ మిగిలినచోట ఒక పామును పెట్టేవాణ్ణి.
పాము కోసమే టికెట్టు కొన్నవాళ్ళు
ఆట వదిలాక నా షెడ్డు ముందు నిలబడేవాళ్ళు:
"ఏదీ పాము?"
సగం డబ్బు తిరిగిచ్చేవాణ్ణి.
సినిమా ఎవడిదైనా పాము నాది.

ఎన్నికల ఏడు ఆనరబుల్ గారి మనుషులొచ్చారు,
మూడు కార్లు, ఒక ఫోటో.
ఫోటోలో ఆయన కుర్చీలో కూర్చుని
దగ్గు ఆపుకుంటున్నట్టున్నాడు.
"ఎగరాలి," అన్నారు.
"భుజాలకి ఎర్ర గుడ్డ. పిడికిలి ముందుకి.
అవతలివాడికి కొమ్ములు పెట్టు. కోరలు కూడా.
సగం ఇప్పుడు, సగం గెలిచాక."

ఎరుపు ఒక్క డబ్బానే ఉంది.
వీడి గుడ్డకి సగం, వాడి కోరల నెత్తుటికి సగం.
వీడి మొహానికి వెలుగు పైనించి వేశాను,
వాడికి గడ్డం కిందనించి.
అంతే తేడా, ఇంకే విద్యా లేదు.
పొట్ట తగ్గించి ఛాతీ పెంచాను.
నాయకుడి దవడ మాత్రం, చెబితే నమ్మరు,
ఎట్సే లారీ కోసం ఎప్పుడో గీసిన ప్రతినాయకుడిది.
చేతికి అలవాటైపోయింది. ఎవరూ పోల్చుకోలేదు.

అయినా ఆయన బూట్ల కింద కాస్త ఆకాశం మిగిలింది.
పాము పెడితే బావుండదు కదా,
వంతెన వేశాను.
ఈ ఒడ్డునించి ఆ ఒడ్డుకి పదకొండు స్తంభాలు,
పైన పసుపు బస్సు, కిటికీలో ఒక చెయ్యి.

సభ రోజున పిల్లలు కొమ్ములవాడి చుట్టూనే మూగారు.
విలన్ దగ్గరే ఎప్పుడూ గుంపు.
ఆనరబుల్ తలెత్తి, తన బొమ్మని అప్పుడే చూసి,
కాగితం జేబులో పెట్టేసి
"వంతెన!" అన్నాడు.
ఈలలు. డప్పులు.
నేనూ ఈల వేశాను, అబద్ధమెందుకు.

గెలిచాడు. ఎగిరింది అక్రా వైపు.
రెండో సగం రాలేదు గనక
బొమ్మ విప్పి తెచ్చుకున్నాను.
కొమ్ములవాడు మరుసటేడు ఆ పార్టీలోనే చేరాడు.
ఒక కుర్రాడు వాడి గుడ్డ మోసుకొచ్చి
కొమ్ములు చెరపడానికి ఎంత అన్నాడు.
చెరిపితే నుదురు మరీ మైదానమైపోతుందని
టోపీ పెట్టాను.
తీసుకెళ్ళడానికి మళ్ళీ రాలేదు.

జిగ్బోది ఆనరబుల్‌ని పల్లెత్తు మాట అనదు.
చిన్నుల్లి గంపలతో వారానికి రెండుసార్లు
కయ్య దాటే మనిషి.
నా షెడ్డు దగ్గర దిగి, మోకాటి లోతు బురదతో
"ఏదీ, మావుకో, వంతెన?" అంటుంది.
"ఆయన్నడుగు."
"ఆయన గీశాడా?"

దానికి జవాబు లేదు. ఇవ్వడానికి సగం డబ్బూ లేదు.
తెరచాప చిరిగింది, పాత గుడ్డలుంటే ఇమ్మంది.
రెండూ ఇచ్చేశాను.
వలదారంతో పక్కపక్కన కుట్టేసింది,
తొందరలో ఒకణ్ణి తలకిందులుగా.

నిన్న మధ్యాహ్నం గాలి లేచింది.
ఎర్ర గుడ్డ మొదటిసారి నిజంగా ఉబ్బింది.
ఆనరబుల్ నీళ్ళ మీద ఎగురుతూ పోతున్నాడు,
పక్కన టోపీవాడు కాళ్ళు పైకి,
కింద ఆరు గంపల ఉల్లి, ఒక మేక,
జిగ్బోది, ఆమె మనవరాలు.
పిల్ల తెరచాప మీద వేలు పెట్టి
నా స్తంభాలు లెక్కపెడుతోంది.
చివరిదాకా లెక్కపెట్టి, వెనక్కి తిరిగి,
ఒడ్డున నన్ను చూసి ఏదో అరిచింది.

గాలి అటువైపు. వినపడలేదు.
వినపడలేదనే చెబుతున్నాను.