నాలుగో కిటికీ

ప్రతి సోమవారం తోకలు వస్తాయి.
పాలిథిన్ సంచిలో, గడ్డకట్టి,
నా అరచేతికన్నా చిన్నవి.
తెల్లబొచ్చు ఇంకా నిక్కే ఉంటుంది
మందలో ఎవరినో హెచ్చరిస్తున్నట్టు.

నాగానో కొండల నడుమ మా ఊరి ఆఫీసు,
సాగూ అడవుల విభాగం, నాలుగో కిటికీ, నేను.
తోకకు ఎనిమిది వేల యెన్లు.
ఫొటోలో దుప్పి తల కుడివైపు ఉండాలి,
పక్కటెముకల మీద ఎర్రరంగుతో తేదీ కనబడాలి.
తల ఎడమకుంటే దరఖాస్తు తిప్పి పంపాలి.
పంపాను కూడా. ఒకసారి
పూడ్చినదాన్ని తవ్వి, పొర్లించి,
మళ్ళీ ఫొటో తీసుకొచ్చారు.

ఫోన్లు వస్తాయి. ఒసాకా నుంచి ఒకామె ఏడుస్తూ
వాటి అడవి అవి తింటే మీకేం పోయిందంటుంది.
నేనూ అలాగే అనుకునేదాన్ని,
ఇసోకిచి తాత వెంట మే నెలలో కొండెక్కేదాకా.

నా ఛాతీ ఎత్తు వరకూ ఎక్కడా ఆకు లేదు,
తాడు పట్టి గీత గీసినట్టు.
చుట్టూతా బెరడు ఒలిచేస్తే
నిలబడే చచ్చిపోయిన చెట్లు.
వెదురుపొద లేదు, అందులో గూడుకట్టే పిట్టా లేదు.
కిందటి వానకి మట్టి ఆగలేదు,
షిజుయె గారి వసాబి మళ్ళు ఏట్లో కలిశాయి.
"మంచులో ఆకలికి చచ్చినవాటిని చూశావా?" అన్నాడు తాత.
"మోకాళ్ళ మీద ఉంటాయి."
ఇంకేమీ అనలేదు. ఆయాసపడుతున్నాడు. డెబ్భై ఎనిమిదేళ్ళు.

తోడేళ్ళు మా ముత్తాతల నాడే పోయాయి.
గుడి మెట్ల దగ్గర రాతి తోడేలొకటి మిగిలింది,
పిల్లలు దాని నోట్లో చిల్లర పెడతారు.
మనిషి పోతే ఆ పని ఎవరికో బదిలీ అవుతుంది,
ఆఫీసు వాళ్ళకిది కొత్త కాదు.
కాకపోతే తోడేలు కుంటిదాన్నీ ముసలిదాన్నీ ఏరుకునేది,
మా సర్క్యులర్‌లో ఆడవాటికి ప్రాధాన్యం అని ఉంది.
లెక్క పుట్టేది అక్కడే కనుక.

ఏప్రిల్‌లో మిచిరు తెచ్చిన సంచిలో తోక ఒకటే.
తుపాకి లైసెన్సు వచ్చి ఆమెకింకా ఏడాది కాలేదు.
ఫొటోలో పొట్ట కోసి ఉంది.
"ఒకటని రాయాలా, రెండనా?"
ఫారంలో అలాంటి గడి లేదు.
ఒకటి అని రాశాను. చెయ్యి వణకలేదు,
అక్షరం కుదురుగానే వచ్చింది.
వెనక వరసలో ఇసోకిచి తాత "పాపం" అన్నాడు.
దుప్పిని అన్నాడో, మిచిరునో,
నేను చేసిన పనికి పేరు పెట్టాడో అడగలేదు.
యముడి కొలువులోనూ లెక్కలు రాసే గుమాస్తా ఉంటాడంటారు.
అతనికి ఆదివారం సెలవు ఉంటుందా?

నవంబరులో మృగాల రాయి దగ్గర శాంతి పూజ.
భిక్షువు సూత్రం చదివాడు.
సంఖ్య చదవడం నా వంతు.
ఆరువందల పదమూడు.
వేటగాళ్ళు టోపీలు తీశారు.
మిచిరు రాలేదనుకున్నాను,
అందరికన్నా వెనక నిలబడి ఉంది, ముక్కు ఎర్రగా.
పసుపు చామంతులు రెండు కట్టలు పెట్టి వచ్చాం.

మర్నాడు పొద్దున చామంతులు లేవు.
చింపినట్టు కొరికిన కాడలు,
రాయి చుట్టూ మంచు మీద గిట్టలు.
పెద్ద జత ఒకటి, పక్కనే చిన్నది.

ముందు నవ్వొచ్చింది, ఒక్కదాన్నే పైకి నవ్వాను.
ఆఫీసుకొచ్చి నష్టాల రిజిస్టరు తెరిచాను.
వరి. వసాబి. దేవదారు మొక్కలు.
చామంతులు ఏ వరసలోకి వస్తాయో తెలీక
పెన్ను మూత తీసి కూర్చున్నాను చాలాసేపు.

ఆవేళ సోమవారం.
బయట ఇసోకిచి తాత ట్రక్కు ఆగిన చప్పుడు.