చిటికెనవేలి సందు

ఆటోనగర్‌లో నూకన్న కొట్టు ముందు
నా ఎర్రబండి ఇటుకల మీద కూర్చుంది,
చక్రాలు నాలుగూ ఊడదీసి.
రెండే తలుపులు, రెండే సీట్లు,
దీపాలు కప్పకళ్లలా పైకి లేచే రకం.
ముప్పై ఏళ్ల కిందట ఏదో జపాన్ ఓడలోంచి దిగిందట.
పుట్టినప్పటి చక్రాలు అయిదున్నర అంగుళాల వెడల్పు,
పహిల్వాన్‌కి బడిపిల్లాడి చెప్పులు తొడిగినట్టు.

"ఎనిమిదేసేద్దారండి" అన్నాడు నూకన్న.
గోడకి వేలాడుతున్నాయి ఎనిమిదులు
లోతుగా, వెండి పళ్లేల్లా.
నోట్లో నీళ్లూరాయి. అబద్ధం ఎందుకు.

ముప్పై నాలుగేళ్లు పోర్టు టగ్గు మీద సారంగుని నేను.
డాల్ఫిన్ నోస్ పక్కన ఇరుకు కాలవలోంచి
ఎన్ని ఓడల్ని లోపలి రేవుకి లాక్కొచ్చానో.
పొడుగుని చూసి ఎప్పుడూ భయపడలేదు,
వెడల్పుని చూసే.
ఓడ పైనున్నవాడికి రెండు పక్కలా నీళ్లే కనపడతాయి.

నూకన్న సుద్దముక్కతో నేల మీద గీశాడు.
"ఇదిగో, నట్లు బిగించే మొహం. ఇది చక్రం నడుం.
ఈ రెంటికీ మజ్జిన దూరఁవే ఆఫ్‌సెట్టు.
నలభై అయిదుంటే చక్రం లోపలికి ముడుచుకుంటాది,
ఇరవై అయితే గుమ్మం దాటి వీధిలోకొచ్చెస్తాది.
అటెళ్తే స్ప్రింగు గీరుకుంటాది,
ఇటొస్తే రెక్క."
మర్రిపాలెంలో మా అన్నదమ్ముల గోడ తగువూ ఇంతే,
నాలుగంగుళాల మీద పదకొండేళ్లు.

నాలుగు నట్లు, వంద మిల్లీమీటర్ల వలయం,
నడిమి కన్నం యాభై నాలుగు.
స్విఫ్టు చక్రం దీనికి చక్కగా కూర్చుంటుందట.
"రెండూ జపానోళ్ల పిల్లలే కదండీ. మేనరికం."

ఎర్నిబాబని పద్దెనిమిదేళ్ల కుర్రాడు
గోధుమపిండి ముద్ద తెచ్చాడు, పక్క హోటల్లో అడిగి.
రెక్క అంచు కింద ఉండలు ఉండలుగా అతికించాడు.
ఎనిమిది తొడిగి బండి కిందికి దించారు.
నేను స్టీరింగు ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పాను,
వాడు బానెట్ మీదెక్కి ఊగాడు.
దిగి చూస్తే
పిండి కాయితం అయిపోయింది.

"దానికేటుందండీ, అంచు మడిచెస్తే సరి.
సుత్తితో అరగంట."

ఆ అంచు లోపల ఏముందో నాకు తెలుసు.
ఉప్పుగాలి తిన్న రేకు,
దాని మీద నేనే మూడు పూతలేసిన సీసం రంగు,
పడవల అడుక్కి పూసేది.
సుత్తి పడితే రంగు చిట్లుతుంది.
చిట్లిన చోట సముద్రం దూరుతుంది.
విశాఖలో ఇనుముతో కాపురం చేసిన ఎవరినైనా అడగండి.

కురుపాం మార్కెట్లో గాజులమ్మే ఆవిడ
మా అచ్చియ్యమ్మ చెయ్యి పట్టుకుని
బొటనవేలి కింద ఎముక నొక్కి చూసేది.
ఏ రంగు కావాలని తర్వాతే అడిగేది.
రెండు-నాలుగు. ఎప్పుడూ రెండు-నాలుగే.
అరచెయ్యి మీద గాజు పగిలిన రోజు నేను చూడలేదు.

"ఆరున్నర లేదా?" అన్నాను.
నూకన్న మొహం కొంచెం వాడింది.
మూల గోనెసంచి కింద నుంచి తీశాడు,
బూడిదరంగు, ఆఫ్‌సెట్ ముప్పై ఎనిమిది, మెరుపు లేదు.
మళ్లీ పిండి, మళ్లీ స్టీరింగు, మళ్లీ ఎర్నిబాబు.
ఈసారి పిండి మీద రబ్బరు నీడ కూడా పడలేదు.
నూకన్న వంగి రెక్కకీ టైరుకీ మధ్య
చిటికెనవేలు దూర్చి, తీసి, చూసుకున్నాడు.
గోడ మీది ఎనిమిదుల్ని
నేను ఇంకోసారి చూశాననుకోండి.

ఆ రాత్రి భీమిలి రోడ్డు.
పక్కన అచ్చియ్యమ్మ, చున్నీ తలకి బిగించి,
"బండి నేలకి అంటుకున్నట్టుంది" అంది.
రుషికొండ మలుపులో బండి ఒంగలేదు, తూలలేదు.
చెవి మాత్రం కుడి ముందు చక్రం దగ్గరే ఉంది నాది.

టిక్.
కొంచెం దూరం పోయాక, టిక్.

గుండె జారింది. ఆపాను.
సెల్‌ఫోన్ లైటు వేసి రెక్క కిందికి చెయ్యి పోనిచ్చాను.
ఎండిపోయిన పిండి ఉండ ఒకటి, సగం ఊడి వేలాడుతోంది,
ఎర్నిబాబు బొటనవేలి ముద్రతో సహా.

అచ్చియ్యమ్మ అరచేతిలో తిప్పి చూసింది.
"ఉప్పేశాడా?" అంది.