మధ్యరకం

పలమనేరు నుంచి పొద్దున్నే బస్సు.
మా నాయన ఒళ్లో లైసెన్సు పుస్తకం,
దానికి చుట్టిన తుండుగుడ్డ, ఆ గుడ్డ కొసన నా చెయ్యి.
మొగిలి ఘాటు దిగేటప్పుడు నాకు వాంతయింది గానీ
పుస్తకం మీద పడలేదు.
ఆ దినం మా అదృష్టం అక్కడ మొదలు.

చిత్తూరులో తూటాల కొట్టంటే
కత్తులూ పులితోళ్లూ ఉంటాయనుకున్నాను.
ఒక గోడగడియారం, నూనె వాసన,
చెవి మీద పెన్సిలు పెట్టుకున్న చెంగల్రాయులు, అంతే.

"దేనికి?"
"పందికి."
"ఎంత దూరం?"
నాయన వీధిలోకి చూసినాడు.
"అదో, ఆ సోడాబండి దాకా. వెన్నెలుంటే ఇంకో నాలుగు బారలు."

గాజుబల్ల మీద మూడు నిలబెట్టినాడాయన.
మొదటిది నా బలపమంత.
చివరిది మా జేజి బొటనవేలంత, చూస్తేనే భుజం నొప్పెత్తింది.
నడిమిది ఏమంత చెప్పుకోదగ్గట్టు లేదు,
పెండ్లి పంక్తిలో రెండో వరసలో కూర్చుని
అడగకుండానే లేచిపోయే మనిషి మాదిరి.

నాయన చెయ్యి చిన్నదాని మీదికి పోయింది. ధర అట్లాంటిది.
పోయి, ఆగింది.

పోయినేడు మిలిటరీ వజ్రవేలు చిన్న తుపాకీ అడుక్కొచ్చి కొట్టినాడు.
తగిలింది. తగిలిన చప్పుడు నేనూ విన్నాను.
పంది పడలేదు. చెనిక్కాయ చేను దాటి, కంప దాటి,
కౌండిన్య వంక దాటి పోయింది.
యానాదుల పోలయ్య ముందు నడిచినాడు,
ఆకుల మీద నెత్తురు వేలితో చూపిస్తా.
ఇక్కడ పండుకుంది. ఇక్కడ లేచింది. ఇక్కడ మళ్లీ పండుకుంది.
మూడో దినం ఈగలు చెప్పినాయి ఎక్కడుందో.
పోలయ్య మన్ను కప్పి
నాయన మొగం చూడకుండానే అడిగినాడు:
"సగం చంపేదానికి నిన్నెవురు రమ్మనింది, అన్నా?"

"పెద్దదే ఇయ్యి" అన్నాడు నాయన.
చెంగల్రాయులు పెన్సిలు తీసి చెవి గోక్కున్నాడు.
"పంది ఎనక ఏముంది?"
"చేను."
"చేని ఎనక?"
"గట్టు."
"గట్టు ఎనక?"
నాయన మాట్లాడలేదు.
గట్టు ఎనక చిన్నాయన కొట్టం, కొట్టంలో నులకమంచం,
మంచం మీద బాలింత చిన్నమ్మ.

"ఇది పందిలో నిలవదు" అని పెద్దదాన్ని జరిపినాడు.
"ఇది పందిలోనే ఉండి దాంతో పాటు ఊరేగుతుంది" అని చిన్నదాన్ని.
బల్ల మీద రెండో వరస మనిషి మిగిలినాడు.
"త్రీ ఫిఫ్టీన్. ఇదీ గొప్పదని చెప్పను.
మంచె మీద నుంచి కిందికి కొట్టు, గుండు మన్నులో దిగాల.
ముందుకాలి ఎనక నాలుగు వేళ్లు.
ఆ నాలుగు వేళ్లు కనిపించకపోతే ఇంటికి పోయి పండుకో."

పది తూటాలు. పుస్తకంలో ఎర్రసిరాతో పది.

ఆ కారులో పదకొండు రాత్రులు మంచె మీద ఉన్నాము.
రెండే పేల్చినాడు.
ఒక రాత్రి పంది వచ్చి అడ్డంగా నిలబడింది.
వెన్నెల ఆ నాలుగు వేళ్ల చోటే పడినట్టుంది.
నాయన వేలు కదల్లేదు.
ఏమైంది అన్నాను గోనెసంచి లోపల నుంచి.
"ఎనక పిల్లలు" అన్నాడు.
పంది ఎనకా, గట్టు ఎనకా?
అడగలేదు. ఆయన పోయి కూడా చానా ఏండ్లాయె.

తర్వాత చట్టం వచ్చింది, అడవి జీవాన్ని ముట్టగూడదని.
తుపాకీ స్టేషన్లో అప్పజెప్పి రసీదు మడిచి పెట్టుకున్నాడు.
ఎనిమిది తూటాలు లెక్క సరిపోయింది.
రెండు ఖాళీ గుల్లల్లో ఒకటి ఎట్లో ఇంట్లో మిగిలింది.

చెనిక్కాయ విత్తనాలకు మందు పట్టించేటప్పుడు
శేరుకు ఒక గుల్లెడు. అదే మాకు కొలత.
మొన్న తొలకరికి మందు డబ్బాతో పాటు
ప్లాస్టిక్ గరిటె ఇచ్చినాడు కొట్టాయన.
అది పెద్దదో చిన్నదో తెలీక
పక్కన పెట్టినాను.