లాభం, రెండు...

"నర్సువా, డాక్టరువా?" అంటాది మేనత్త.
రెండూ కాదత్తా,
రోడ్డు మీది మనిషిని.

మొన్న దామలచెరువు మలుపులో
మామిడికాయల ట్రాక్టరు తిరగబడింది.
గుర్రప్పను స్ట్రెచర్ మీదికి ఎత్తేటప్పుడు
మా కాళ్ల కింద బెంగళూరా కాయలు దొర్లినాయి.

మాట్లాడిస్తా ఉండాలని ట్రైనింగులో చెప్పినారు.
ఏం మాట్లాడాల్నో ఎవురూ చెప్పలా.
"ఎన్ని కాయలన్నా లోడులో?"
కండ్లు మూసుకునే ఎంచడం మొదలుపెట్టినాడు,
ఒకటి అనకుండా, కాటా కాడ అన్నట్టే:
లాభం, రెండు, మూడు...

చంద్రగిరి దాటేసరికి పన్నెండు కాడ తప్పిపోయినాడు.
చెంప తట్టినా.
మళ్లీ లాభం నుంచి.
సైరన్ కింద ఆయన కాయలు ఆయనవి,
నా వేలి కింద నాడి నాది.

రుయాలో అప్పజెప్పి సంతకం తీసుకున్నా, రెండూ నలభైకి.
ఆపైన ఏమైందో మాకెవురూ చెప్పరు.
బండి కడగతా పైలట్ దొరస్వామి
స్ట్రెచర్ సందులోంచి ఒక కాయ తీసినాడు.
తినబుద్ధి కాలా, పారేయబుద్ధీ కాలా.
డ్యాష్‌బోర్డు మీద
సొన కారతా, పండతా ఉంది.

ఈ పొద్దు పాకాలలో ముసలామె, ఆయాసం.
మణికట్టు పట్టుకున్నా.
ఒకటి అనబోయి,
లాభం అన్నా.