మూడున్నర గంటలు

నాలుగున్నరకి మార్కెట్లో వెల్లుల్లి దిగుతుంది.
పిల్లల బడి తలుపు ఎనిమిదింటికి గాని తెరవరు.
మధ్యలో మూడున్నర గంటలు.
పాపని ఎక్కడ పెట్టను?

శాంతియాగోలో జూలై అంటే చలికాలం.
మా హైతీలో ఈపాటికి మామిడిపళ్ళు
కాళ్ళకింద పడి చితికేవి.
చెబితే మిర్లాంద్ నవ్వుతుంది.
రెండేళ్ళది, మామిడిపండు ఎరగదు,
కిరోసిన్ పొయ్యి వాసననే ఇల్లనుకుంటుంది.

బడి ఆఫీసులో అమ్మాయి మంచిదే.
పాపకి గుర్తింపు నంబరు ఉందా అంది.
నంబరు కోసం వెళితే చిరునామా అడిగారు.
చిరునామా కాగితానికి ఇంటాయన సంతకం కావాలి.
ఒక్క గదిని నాలుగు చేసి అద్దెకిచ్చినవాడు
సంతకం అనగానే ఫోనెత్తడం మానేశాడు.
నాలుగు నెలలు.
నంబరొచ్చిన రోజు రాత్రి బట్టీపట్టాను,
చివర ఒక గీత, గీత తర్వాత ఏడు.
తలుపు ఎనిమిదింటికని అప్పుడు చెప్పారు.

కొన్నాళ్ళు వెంట తీసుకెళ్ళాను.
ఉల్లిపాయల పెట్టెలో గోనెపట్టా పరిచి పడుకోబెట్టాను.
మేస్త్రీ మూడు రోజులు చూసీ చూడనట్టు పోయాడు.
నాలుగో రోజు సరుకు బండొకటి వెనక్కొచ్చి
పెట్టెకి జానెడు దూరంలో ఆగింది.
ఎవరూ అరవలేదు. అరిచినా బాగుండేది.

తర్వాత, పెరూ నుంచి వచ్చిన సొరాయిదా ఇల్లు.
ఒకే గదిలో పదకొండుమంది పిల్లలు, ఒక టీవీ.
గుమ్మంలో నిలబడితే
పదకొండు తలలూ ఒక్కసారి నావైపు తిరిగాయి,
ఒక్క నోరూ పెగల్లేదు.
మెట్లు దిగేశాను.
ఆమెని తప్పు పట్టను. వాళ్ళమ్మలందరిదీ
నాలాంటి గడియారమే.

ఇక మిగిలింది ఎదురుగది ఎదువీనా.
డెబ్బై దాటిన ముసలమ్మ, ఈ ఊరిదే.
ఏడాదిలో నాతో అన్నది ఒక్క మాట,
చెత్తసంచికి ముడి వెయ్యమని.
తెల్లవారుజామున నేను బయల్దేరే వేళకి
ఆమె తలుపు కింద వెలుతురు గీత ఉండేది,
రేడియోలో ఎవరో గొంతు తగ్గించి మాట్లాడుతూ.
నిద్రపట్టని మనిషని అప్పుడే తట్టుండాలి.
నాకు చాలని గంటలు
గోడకవతల ఒకావిడకి గడవక చస్తున్నాయి.

తలుపు కొట్టడానికి వారం పట్టింది.
మెట్లమీద కూడబలుక్కున్న స్పానిష్ వాక్యం
గుమ్మంలో సగానికి విరిగింది.
ఆమె నా మొహం చూడలేదు,
భుజమ్మీద వేలాడే పాప కాళ్ళు చూసింది.
"మేజోళ్ళేవి?" అంది.
అంతే. అవుననలేదు, కాదనలేదు.

మొదటి రోజు వెల్లుల్లి వలుస్తూ గోరు లేపుకున్నాను.
ఆమె చేతులు వణుకుతాయి.
పొయ్యికి ఆనుకునే మంచం.
ఇంటిపేరు కూడా తెలియని మనిషికి
కడుపున కన్నదాన్ని అప్పగించి వచ్చాను.
పాయ పాయకీ ఒక భయం వలిచాను.

డబ్బిస్తే తీసుకుంది, లెక్కపెట్టి మరీ తీసుకుంది.
నాకు అదే నచ్చింది.
జాలి ఏ పూట మానేస్తుందో చెప్పలేం.

ఇప్పుడు ఎనిమిదింటికి ఆమే బడిలో దింపుతోంది.
సాయంత్రం చూస్తే మిర్లాంద్ జడలు
పొద్దున నేను వేసినవి కావు.
పాపిడి వంకర, అందులో ఆ చేతుల వణుకు.
విప్పి మళ్ళీ వేద్దామని దువ్వెన తీసి
పక్కన పెట్టేశాను.

నిన్న పాప రొట్టెముక్క చూపించి ఏదో మాటంది.
మా క్రెయోల్ కాదు, నాకొచ్చిన స్పానిషూ కాదు.
మార్కెట్లో అడిగితే వెల్లుల్లి ఆడవాళ్ళంతా నవ్వారు.
అది పాతకాలం మాట,
మా అమ్మమ్మలు అనేవాళ్ళు, అన్నారు.
నేనూ నేర్చుకున్నాను.
రేపు చీకటుండగానే, ఎదురు తలుపు దగ్గర
వాడి చూడాలి.